జకార్తా పెంజరింగన్‌లో ఫ్లాట్ తీసుకోవచ్చా? మునిగిపోయే ఏరియా అంటున్నారు

శ్రావణమేఘం అడిగిన ప్రశ్న:

నమస్తే అందరికీ. మా వారికి జకార్తాలో ఉద్యోగం వచ్చి రెండు నెలలైంది, మువారా బారు చేపల రేవు లోపల ఒక కోల్డ్ స్టోరేజీలో, బయటి దేశాలకి వెళ్లే చేప క్వాలిటీ చూసే పని. ఇప్పటిదాకా ఆయన ఒక్కరే కోస్‌లో ఉంటున్నారు, కోస్ అంటే అక్కడ నెలవారీ అద్దె గది అంట. వచ్చే నెల నేను, నాలుగేళ్ల పాప, మా అత్తయ్య ముగ్గురం వెళ్తున్నాం. ఆయన చూసిపెట్టిన ఫ్లాట్ 11వ అంతస్తులో ఉంది, ఫోటోల్లో బాగానే ఉంది, బాల్కనీలోంచి సముద్రం కూడా కనపడుతోంది. అగ్రిమెంట్ కాపీ పంపారు. అందులో అడ్రస్‌లో ఎర్‌తే అని ఒక నంబరు, ఎర్‌వే అని ఇంకో నంబరు, తర్వాత కెలురహాన్ ప్లుయిత్, కెచమతాన్ పెంజరింగన్, జకార్తా ఉతారా అని ఉంది. ఇవన్నీ ఏంటో నాకు అర్థం కాలేదు, సరే పెంజరింగన్ అంటే ఏంటో చూద్దామని నెట్‌లో కొట్టానండి, అంతే, రెండు రోజుల నుంచి నిద్ర లేదు. సముద్రంలో సగం మునిగిన మసీదు, ఇంటికంటే ఎత్తున్న గోడ, ఆ గోడకి అవతల పడవలు, అన్నీ ఈ పెంజరింగన్‌వే.

ఆయన్ని అడిగితే "నేను రోజూ అక్కడికే కదా వెళ్తున్నా, ఏం కాదు" అంటారు. పక్కనున్నవాళ్లేమో అసలు జకార్తా మునిగిపోతోందనే కదా రాజధాని మారుస్తున్నారు, నువ్వు చిన్నపిల్లని తీసుకుని అక్కడికెళ్తావా అంటున్నారు. ఏడాది అద్దె మొత్తం ముందే కట్టాలంట, కట్టాక వెనక్కి రాదు. అక్కడ ఉన్నవాళ్లు, ఉండొచ్చినవాళ్లు కాస్త నిజం చెప్పండి. ఆ ఏరియా మొత్తం అలాగే ఉంటుందా? వేరే చోట చూసుకోమంటారా? భయపెట్టినా పర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సంద్రపుగాలి:

శ్రావణమేఘం గారూ, నేను ప్లుయిత్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను, మా అబ్బాయి అక్కడే పెరిగాడు. ముందు అడ్రస్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీ భయం సగం అక్కడే ఉంది, పెంజరింగన్ అనే ఒక్క పేరు కింద మీరు చూసిన ఫోటోలు ఒక మూలవి, మీ ఫ్లాట్ ఇంకో మూలది.

కెచమతాన్ అంటే మన మండలం లాంటిది అనుకోండి, కాకపోతే పూర్తిగా సిటీ లోపలే. జకార్తా మొత్తానికి ఇలాంటివి 44 ఉన్నాయి, ఉత్తర జకార్తాలో ఆరు, ఆ ఆరింట్లో పడమటి కొసన సముద్రం పొడుగునా ఉన్నది పెంజరింగన్. జారింగ్ అంటే వాళ్ల భాషలో వల, పేరులోనే వలలున్న చోటు. జనం మూడు లక్షల పైమాటే. దీని కింద ఐదు కెలురహాన్లు, అంటే వార్డుల్లాంటివి: పెంజరింగన్ (అవును, అదే పేరుతో ఒక వార్డు కూడా ఉంది, కొత్తవాళ్లందరూ ఇక్కడే తికమక పడతారు), ప్లుయిత్, పెజగలన్, కపుక్ మువారా, కమాల్ మువారా. మీరు చూసిన గోడ, మసీదు మువారా బారులో ఉన్నాయి, అది పెంజరింగన్ వార్డు. మీ వారు పని చేసే రేవు కూడా అదే. ఫ్లాట్ ఉన్నది ప్లుయిత్ వార్డు. మళ్లీ ప్లుయిత్ లోపల కూడా అంతా ఒకేలా ఉండదు, పాంతాయ్ ముతియారా అని పడవలు ఇంటి గుమ్మం ముందు కట్టేసుకునే డబ్బున్నవాళ్ల కాలనీ ఉంది, ఎండుచేపలు ఆరబెట్టే మువారా అంకె జాలరిపేట ఉంది, మువారా కరాంగ్‌లో కరెంటు ప్లాంటు ఉంది, అన్నీ ఆ ఒక్క వార్డే.

కెచమతాన్ పెద్దని చమత్ అంటారు, వార్డు పెద్దని లురా అంటారు, ఇద్దరూ గవర్నమెంటు ఉద్యోగులు, ఓట్లేసి ఎన్నుకునేవాళ్లు కాదు. జకార్తాలో మేయర్‌ని కూడా గవర్నరే నియమిస్తాడు. జనం తమలోంచి ఎంచుకునేది ఎర్‌తే, ఎర్‌వే పెద్దల్నే. ఎర్‌తే అంటే కొన్ని పదుల ఇళ్ల గుంపు, కొన్ని ఎర్‌తేలు కలిస్తే ఒక ఎర్‌వే. మీకు రోజువారీ జీవితంలో చమత్‌తో పనే పడదు, కానీ ఎర్‌తే పెద్దాయనతో (చాలా చోట్ల పెద్దావిడ) తప్పకుండా పడుతుంది. వీధి మొదట్లో బోర్డు ఉంటుంది, తాము వాజిబ్ లాపోర్ 1×24 జామ్ అని, అంటే వచ్చిన అతిథి 24 గంటల్లో చెప్పి తీరాలని. ఫ్లాట్లలో మేనేజ్‌మెంట్ వాళ్లు చూసుకుంటారు గానీ, దిగిన మొదటి వారంలోనే పాస్‌పోర్ట్ కాపీలు పట్టుకుని మీరే వెళ్లి ఒకసారి కలిసి రండి. నేను వెళ్లలేదు మొదట్లో, ఆరు నెలల తర్వాత మా వీధిలోకి నీళ్లొచ్చిన రోజున ఆవిడే మా తలుపు కొట్టి పిల్లాడికి పాలున్నాయా అని అడిగింది, ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది.

నీళ్లు అన్నాను కదా, అవును వస్తాయి. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు, మట్టిమనిషి గారూ మీరు రండి.

మట్టిమనిషి:

పిలిచారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, నా పని పునాదులు, ఉత్తర జకార్తాలో నాలుగు ప్రాజెక్టులకి మట్టి పరీక్షలు చేయించాను.

అమ్మా, అందరూ సముద్రం పైకొస్తోంది అనుకుంటారు. పైకి రావడం నిజమే, కానీ అది ఏడాదికి మిల్లీమీటర్ల లెక్క. ఇక్కడ నేల కిందకి దిగడం సెంటీమీటర్ల లెక్క. బాండుంగ్‌లోని ఐటీబీ అనే టెక్నాలజీ విద్యాసంస్థ వాళ్లు ఏళ్ల తరబడి కొలిచిన లెక్కల ప్రకారం జకార్తాలో ఏడాదికి 1 నుంచి 15 సెంటీమీటర్లు, కొన్ని చోట్ల 20 కూడా దాటింది. మువారా బారులో అయితే 1974 నుంచి 2010 లోపల 4 మీటర్ల దాకా దిగిపోయింది. నాలుగు మీటర్లంటే ఒక అంతస్తు కంటే ఎక్కువ. మీరు చూసిన మసీదు పేరు వాల్ అదునా, దాన్ని సముద్రంలో కట్టలేదు, నేల మీద కట్టారు, నేల దిగింది, తర్వాత కరకట్ట దానికి ఇవతల కట్టారు కాబట్టి అది గోడ బయట నీళ్లలో మిగిలిపోయింది.

ఎందుకు దిగుతోంది అంటే ముఖ్యంగా బోర్లు. జకార్తా ఉత్తరం వైపంతా నదులు తెచ్చిపోసిన కొత్త మట్టి, ఇసుక పొర, బంకమట్టి పొర, మళ్లీ ఇసుక పొర అలా ఉంటుంది. బోరు ఇసుక పొరలోంచి నీళ్లు లాగుతుంది, ఆ పొరలో ఒత్తిడి తగ్గేసరికి పైన కిందా ఉన్న బంకమట్టి తన లోపలున్న నీళ్లని మెల్లగా వదిలేస్తుంది, వదిలి అణిగిపోతుంది. అణిగిన బంకమట్టి మళ్లీ ఉబ్బదు, రేపు బోర్లన్నీ మూసేసినా పోయిన ఎత్తు తిరిగి రాదు, ఇంకా దిగడం మాత్రం ఆగుతుంది. టోక్యోలో అలాగే ఆగింది, బోర్ల మీద గట్టిగా ఆంక్షలు పెట్టాక. దీనికి తోడు బిల్డింగుల బరువు, కొత్త మట్టి సహజంగా సర్దుకోవడం కూడా ఉన్నాయి, కానీ పెద్ద వాటా నీళ్లు తోడటానిదే అని నా అభిప్రాయం, ఇక్కడ పని చేసే చాలామందిది కూడా.

మరి జనం బోర్లు ఎందుకు వేస్తారు అంటే కుళాయి చాలదు కాబట్టి. జకార్తాకి తాగునీటి ముడిసరుకు ఎక్కువ భాగం జాతిలుహూర్ రిజర్వాయర్ నుంచి కాలువలో వస్తుంది, అది ఎక్కడో తూర్పున దూరంగా ఉంది, ఉత్తర తీరం అంటే పైపు చిట్టచివర. ప్రెషర్ ఉండదు. 1998 నుంచి నీళ్ల సరఫరా రెండు ప్రైవేటు కంపెనీల చేతిలో 25 ఏళ్ల ఒప్పందం మీద నడిచింది, 2023 జనవరి చివరికి అది అయిపోయి మళ్లీ నగరం సొంత సంస్థ పామ్ జాయా చేతికి వచ్చింది. ఇప్పుడు పైపులు వేస్తున్నారు, 2030కి అందరికీ కుళాయి అని టార్గెట్ పెట్టుకున్నారు. 2021లో గవర్నర్ రూల్ ఒకటి వచ్చింది, దాని ప్రకారం కొన్ని ప్రాంతాల్లో 2023 ఆగస్టు నుంచి పెద్ద బిల్డింగులు, అంటే 5,000 చదరపు మీటర్లు లేదా 8 అంతస్తులు ఆపైన ఉన్నవి, భూగర్భ జలం వాడకూడదు. ఈమధ్య కొలతల్లో దిగే వేగం ముందుకంటే తగ్గింది, ఇది మంచి మాట. కానీ తగ్గింది అంటే ఆగింది అని కాదు.

ఇక వరద. ఇక్కడ రెండు రకాలు, రెంటినీ కలపొద్దు. ఒకటి రోబ్, అంటే సముద్రపు పోటు నీళ్లు, పున్నమికి అమావాస్యకి వచ్చేవి, వాన లేకపోయినా ఎండలో కూడా రోడ్డు మీదకి వస్తాయి, మువారా బారు, మువారా అంకె రెండింటికీ ఇది బాగా అలవాటు. 2007 నవంబరులో పెద్ద రోబ్ వచ్చి కరకట్ట దాటింది, 2019 డిసెంబరులో మువారా బారులో గోడ ముక్క ఒకటి కూలింది. రెండోది వాన వరద. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఇక్కడ పల్లం సముద్రం కంటే కిందుంది, నదులు వాటంతట అవి సముద్రంలోకి పోలేవు, పంపుతో ఎత్తి పోయాలి. నగరం మధ్యలో పడిన వానలో చాలా భాగం కాలువల్లో దిగి ప్లుయిత్ వదుక్‌కి, అంటే ఆ 80 హెక్టార్ల జలాశయానికి వస్తుంది, దాని కొసన పంప్ హౌస్ ఉంది, అది సముద్రంలోకి తోడిపోస్తుంది. ప్రెసిడెంట్ ప్యాలెస్ ముందు నీళ్లు నిలవకుండా ఉండాలన్నా ఈ పంపులే తిరగాలి. 2013 జనవరిలో ఆ పంపులే మునిగాయి. ప్లుయిత్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, జనం పడవల్లో తిరిగారు. ఆ తర్వాతే జలాశయం పూడిక తీసి, ఒడ్డున ఆక్రమణలు తీసేసి, పంపులు పెంచారు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: 11వ అంతస్తులో మీ ఇంట్లోకి నీళ్లు రావు. మీరు చూడాల్సింది కింద ఏముందో. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ బేస్‌మెంట్‌లో ఉన్నాయా పైన ఉన్నాయా? బేస్‌మెంట్‌లో ఉంటే నీళ్లొచ్చిన రోజు లిఫ్ట్ ఉండదు, మోటరు ఉండదు, మీ అత్తయ్య గారు 11 అంతస్తులు దిగలేరు. గేటు ముందు రోడ్డు లోపలి కన్నా ఎత్తుగా ఉందా? ఇక్కడ రోడ్డు మెరక వేసినప్పుడల్లా బిల్డింగ్ పల్లమైపోతుంది. ఇంకోటి, మెట్లకీ నేలకీ మధ్య చీలిక కనపడుతుందేమో చూడమనండి, పెద్ద బిల్డింగులు పైల్స్ మీద, అంటే నేలలోకి లోతుగా దింపిన స్తంభాల మీద నిలబడతాయి కాబట్టి అవి దిగవు, చుట్టూ నేల దిగుతుంది, అందుకే కొన్ని చోట్ల మొదట్లో రెండు మెట్లుంటే ఇప్పుడు నాలుగు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, బిల్డింగ్ నీళ్లు పామ్ (పామ్ జాయా కుళాయి) నీళ్లా, బోరు నీళ్లా అని అడగండి. బోరు అని చెప్తే నాకు మాత్రం ఆ బిల్డింగ్ నచ్చదు, అది మీ ఒక్కరి సేఫ్టీ సంగతి కాదు, అక్కడ తోడిన ప్రతి బిందె కరకట్ట పక్కనున్న ఇంటిని ఇంకొంచెం కిందకి దించుతుంది.

శ్రావణమేఘం:

మట్టిమనిషి గారూ చాలా చాలా థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నాకు అసలు తట్టలేదు, మా వారికి లిస్ట్ పంపాను, శనివారం వెళ్లి అడుగుతానన్నారు. ఇంకో డౌట్, బ్రోకర్ పిక్ టూ అనే చోట కొత్తవి చూపిస్తానంటున్నాడంట, అక్కడ వరద అసలు రాదు అంటున్నాడు. అది కూడా పెంజరింగనేనా?

బస్సెక్కేవాడు:

పిక్ అంటే పాంతాయ్ ఇందా కపుక్, అది పెంజరింగనే, కపుక్ మువారా, కమాల్ మువారా వార్డుల్లో ఉంటుంది, ఒకప్పుడు చేపల చెరువులు, మడ అడవి ఉన్న చోటు. కానీ పిక్ టూ చాలా వరకు జకార్తాలోనే లేదు, అది బాంతెన్ ప్రావిన్స్, తాంగెరాంగ్ జిల్లా. గవర్నరూ వేరు, ఆఫీసులూ వేరు. మీ వారు రోజూ మువారా బారు రావాలంటే అక్కడి నుంచి చాలా దూరం, పొద్దున ట్రాఫిక్‌లో నరకం, నేను వద్దంటాను.

ప్లుయిత్‌లో ఉంటే ట్రాన్స్‌జకార్తా 9వ కారిడార్ మొదటి స్టాపు అక్కడే, గ్రోగోల్, స్లిపి, సెమాంగి మీదుగా పినాంగ్ రాంతి దాకా పోతుంది, టికెట్ 3,500 రూపియా, ఎంత దూరమైనా అంతే. చిన్న వ్యాన్లు మిక్రోట్రాన్స్ ఉన్నాయి, కార్డు ట్యాప్ చేయాలి గానీ డబ్బు పడదు, సున్నా. మెట్రో రైలు ఇంకా పాత నగరం కోతా దాకా రాలేదు, సొరంగం పని నడుస్తోంది. లోకల్ ట్రైన్ కావాలంటే జకార్తా కోతా స్టేషన్‌కి వెళ్లాలి. ఎయిర్‌పోర్ట్‌కి మాత్రం వెళ్లడం తేలిక, సెద్యాత్మో టోల్ రోడ్డు పెంజరింగన్ మీదుగానే పోతుంది. ఇంకోటి, మువారా అంకెలో కలి అదెమ్ రేవు నుంచి వేయి దీవులకి, అదే కెపులావాన్ సెరిబుకి పడవలు ఉంటాయి, పాపని తీసుకెళ్లండి.

తూనీగ:

ఇంత మంచి సమాచారం ఇచ్చారు అందరూ, కానీ చదువుతుంటే నాకు ఒక బాధ కలిగింది, చెప్పకుండా ఉండలేకపోతున్నా. పెంజరింగన్ అంటే మునిగే చోటు, తప్పించుకోవాల్సిన చోటు, అంతేనా? నేను మూడేళ్లు లువార్ బాతాంగ్ పక్కన పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాను వారానికి రెండు సాయంత్రాలు, నాకు జకార్తా అంటే అదే గుర్తొస్తుంది.

శ్రావణమేఘం గారూ, మీరు వెళ్తున్నది ఆ మహానగరం పుట్టిన చోటికండి. సుందా కెలాపా రేవు అక్కడే, 1527లో ఫతహిల్లా దాన్ని పట్టుకుని జయకర్త అని పేరు పెట్టాడు, ఇప్పటికీ జూన్ 22న ఊరి పుట్టినరోజు చేస్తారు. 1619లో డచ్చి కంపెనీ దాన్ని ధ్వంసం చేసి బతావియా కట్టింది. ఆ కంపెనీ గిడ్డంగులు, జాజికాయ, మిరియాలు, కాఫీ దాచినవి, 1652 నుంచి కట్టినవి, ఇప్పుడు మ్యూజియం బహారి, అంటే సముద్ర మ్యూజియం. 2018 జనవరిలో అగ్నిప్రమాదం జరిగి కొంత భాగం కాలిపోయింది, మళ్లీ బాగు చేశారు. దాని పక్కనే 1839లో కట్టిన రేవు అధికారి బురుజు ఉంది, మెనారా షాబందర్, అది ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, ఊళ్లోవాళ్లు ఒరిగిన బురుజు అనే అంటారు. మట్టిమనిషి గారు చెప్పిందంతా దాని ముందు నిలబడితే కంటికి కనపడుతుంది. లువార్ బాతాంగ్ అంటే దుంగకి అవతల అని అర్థం, రేవు ముఖద్వారంలో అడ్డంగా దుంగ వేసి పడవల దగ్గర సుంకం తీసుకునేవాళ్లంట, దానికి బయటున్న పేట కాబట్టి ఆ పేరు అంటారు. అక్కడి మసీదులో హబీబ్ హుసేన్ సమాధి ఉంది, ఆయన 1756లో పోయారు, ఇప్పటికీ గురువారం రాత్రి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఆ రాత్రి సందులన్నీ టీ బళ్లు, పూలు, అత్తరు.

నీళ్ల మాట కూడా చెప్తాను. నా క్లాసుకి వచ్చే పిల్లల ఇళ్లలో చాలా వాటికి కుళాయి లేదు. తోపుడు బండి మీద డబ్బాల్లో నీళ్లు వస్తాయి, డబ్బా లెక్కన కొనుక్కోవాలి. లెక్కేస్తే కుళాయి ఉన్న పెద్దింటి వాళ్లకంటే లీటరుకి ఎన్నో రెట్లు ఎక్కువ కడతారు ఆ తల్లులు. స్నానానికి ఒక డబ్బా, వంటకి ఒక డబ్బా అని ఎనిమిదేళ్ల పిల్ల నాకు లెక్క చెప్పేది. నేల దిగుతోంది వాళ్ల వల్ల కాదు, వాళ్లకి బోరు వేసే స్తోమతే లేదు. కానీ దిగిన నేల మీద ఉంటున్నది వాళ్లు, ఇంట్లో మెరక వేసి వేసి ఇంటి కప్పు తలకి తగిలేంత దగ్గరకొచ్చిన గదులు నేను చూశాను.

ఇక తొలగింపులు. మ్యూజియం ఎదురుగా కంపుంగ్ అకువారియుమ్ అని ఒక పేట, డచ్చివాళ్ల కాలంలో అక్కడ సముద్ర పరిశోధన ల్యాబు, అక్వేరియం ఉండేవి, అందుకే ఆ పేరు. 2016 ఏప్రిల్ 11న ఆ పేటని పూర్తిగా పడగొట్టారు, కరకట్ట కోసం, చారిత్రక ప్రాంతం కోసం అని కారణం చెప్పారు. ఇళ్లు ఇచ్చింది చాలా దూరంలో, సముద్రం మీద బతికేవాడు అక్కడ ఏం చేస్తాడు? కొందరు వెళ్లారు, కొందరు శిథిలాల మీదే గుడారాలు వేసుకుని, పడవల్లో పడుకుని ఉండిపోయారు, వెళ్లలేదు. కోర్టుకి వెళ్లారు, ఎన్నికల్లో నిలబడినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకున్నారు. అదే చోట 2020 ఆగస్టు 17న, వాళ్ల స్వాతంత్ర్య దినం రోజు, శంకుస్థాపన అయింది, ఏడాది తర్వాత సరిగ్గా అదే రోజున మొదటి బ్లాకులు తెరిచారు. ఐదు బ్లాకులు, 241 ఇళ్లు, పేటవాళ్ల సహకార సంఘమే నడుపుతుంది. ఆ మెట్ల మీద కూర్చుని ఒకావిడ నాకు పాత ఇంటి తలుపు గొళ్లెం చూపించింది, కూల్చిన రోజు ఏరుకుందంట, కొత్తింట్లో గోడకి మేకు కొట్టి తగిలించుకుంది.

మీరు ఫ్లాట్‌లోనే ఉండండి, పిల్ల ఉంది, పెద్దావిడ ఉంది, తప్పు లేదు. కానీ గోడకి అవతలున్నది వేరే ఊరు అనుకోకండి, మీదీ అదే కెచమతాన్.

మట్టిమనిషి:

తూనీగ గారు చెప్పింది నిజం, నేను బిల్డింగ్ గురించి రాసి మనుషుల గురించి ఒక్క లైన్‌తో సరిపెట్టాను. ఒక్క చోట మాత్రం నేను ఏకీభవించలేను. కరకట్ట దగ్గర, జలాశయం ఒడ్డున ఇళ్లుంటే పూడిక తీసే మెషీన్ వెళ్లడానికి దారి ఉండదు, 2013లో మేం కళ్లారా చూశాం. తీసేయడం అవసరమే. ఎక్కడికి పంపారు, ఎలా పంపారు అన్న దగ్గర మాత్రం మీ బాధ నాదీ. జలాశయం ఒడ్డు నుంచి కొందరికి దగ్గర్లోనే మువారా బారు రుసునావా ఫ్లాట్లలో ఇచ్చారు, రుసునావా అంటే ప్రభుత్వ అద్దె ఫ్లాట్లు, కొందర్ని తూర్పున దూరంగా మారుందాకి పంపారు. దగ్గర్లో ఇచ్చినవాళ్లకి కనీసం పని పోలేదు, మారుందా వెళ్లినవాళ్లలో చేపల రేవు కూలి వదులుకున్నవాళ్లు నాకు తెలుసు.

తూనీగ:

దగ్గర్లో ఇస్తే ఎవరూ కాదనరండి. నేను అన్నదీ అదే.

సంద్రపుగాలి:

ఇద్దరూ అన్నది నాకు తెలిసిందే, నేను ఆ జలాశయం పక్కన పార్కులో రోజూ నడిచేవాణ్ణి. శ్రావణమేఘం గారూ, ఆ పార్కు పాపకి బాగుంటుంది, సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. పెజగలన్ వైపు కలిజోదో పార్కు కూడా ఉంది. మడ అడవి చూడాలంటే మువారా అంకె అభయారణ్యం, 25 హెక్టార్లే ఉంటుంది గానీ కొంగలు, కోతులు ఉంటాయి, కోతుల ముందు పాప చేతిలో బిస్కెట్ పెట్టకండి.

రోజువారీ చిన్న విషయాలు కొన్ని. కుళాయి నీళ్లు తాగకండి, గాలోన్ అని 19 లీటర్ల క్యాన్లు ఇంటికి తెస్తారు. కరెంటు చాలా ఫ్లాట్లలో ప్రీపెయిడ్, తోకెన్ కొని నంబర్లు మీటర్‌లో కొట్టాలి, వరద సీజన్‌లో ముందే నింపి పెట్టుకోండి. అద్దె కాకుండా ఐపీఎల్ అని మెయింటెనెన్స్ ఉంటుంది, అది అద్దెలో కలిసిందో లేదో అగ్రిమెంట్‌లో రాయించండి, మా మొదటి ఓనరు నోటిమాటగా కలిసింది అని తర్వాత మాట మార్చాడు, నాలుగు నెలలది మేమే కట్టాం. వీధిలో డ్రైనేజీ పూడితే ఫోన్‌లో జాకీ అనే నగర ప్రభుత్వ యాప్‌లో ఫోటో పెడితే చాలు, వార్డు ఆఫీసు నుంచి ఆరెంజ్ డ్రెస్ వాళ్లు వస్తారు, నా అనుభవంలో తొందరగానే వచ్చారు. బీఎంకేగే అని వాళ్ల వాతావరణ శాఖ రోబ్ ఏ తేదీల్లో ఉంటుందో ముందే చెప్తుంది, అది ఫాలో అవ్వండి, ఆ తేదీల్లో మీ వారిని పొద్దున బండి మీద వెళ్లొద్దనండి, ఉప్పు నీళ్లకి బండి మూడు నెలల్లో తుప్పు పడుతుంది.

శ్రావణమేఘం:

అప్‌డేట్ ఇవ్వడం లేటైంది, క్షమించండి, మేం వచ్చేసి ఇరవై రోజులైంది.

మొదటి ఫ్లాట్ వదిలేశాం. మా వారు వెళ్లి మేనేజ్‌మెంట్‌ని అడిగితే కరెంటు రూమ్ బేస్‌మెంట్‌లోనే ఉందన్నారు, నీళ్ల గురించి అడిగితే పామ్ అని ఒకరు, డీప్ వెల్ కూడా ఉంది అని ఇంకొకరు చెప్పారంట, ఆయనకి అక్కడే అనుమానం వచ్చింది. అదే ప్లుయిత్ వార్డులో ఇంకో పాత బిల్డింగ్ దొరికింది, 6వ అంతస్తు, సముద్రం కనపడదు, జలాశయం కనపడుతుంది. పామ్ బిల్లు చూపించారు. జనరేటర్ రెండో అంతస్తు మీద ఉంది, 2013 తర్వాత పైకి మార్చారంట. మెట్ల దగ్గర చీలిక ఉంది, మట్టిమనిషి గారూ, సరిగ్గా మీరు చెప్పినట్టే, కింది రెండు మెట్లు సిమెంటు రంగు వేరే ఉంది, తర్వాత కట్టినవి.

ఎర్‌తే పెద్దావిడని మూడో రోజే కలిశాం. నాకు భాష రాదు, ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మా అత్తయ్య తెలుగులోనే మాట్లాడేసింది, ఆవిడ వాళ్ల భాషలో మాట్లాడేసింది, పాపకి అరటిపండు బజ్జీలు ఇచ్చి పంపింది, పిసాంగ్ గోరెంగ్ అంటారంట. మొన్న ఆదివారం ఆ ఒరిగిన బురుజు చూసి, అక్కడి నుంచి గోడ దగ్గరకి కూడా వెళ్లాం. పోటు మీద ఉంది సముద్రం. ఇటు పక్క రోడ్డు మీద నిలబడితే అటు పక్క పడవ అడుగు మా తల ఎత్తున కదులుతోంది. పాప గోడకి చెవి ఆనించి "అమ్మా లోపల నీళ్లు కొడుతున్నాయి" అంది. మా వారు రోజూ దాని పక్క నుంచే వెళ్తున్నా ఆ చప్పుడు ఆ రోజే విన్నానన్నారు.

తూనీగ గారూ, మీరు ఇంగ్లిష్ చెప్పిన చోట ఇప్పుడు ఎవరైనా చెప్తున్నారా? పాపని ప్లేస్కూల్‌లో వేశాక నాకు మంగళ, గురువారాలు సాయంత్రం ఖాళీ ఉంటుంది. నేను పెళ్లికి ముందు నాలుగేళ్లు టీచర్‌గా చేశాను. ఎవర్ని కలవాలో నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి.

తూనీగ:

పెట్టానండి. గురువారం అయితే కొంచెం ముందే వెళ్లండి, రాత్రికి సందులు నిండిపోతాయి.